పిట్టగోడని అటక అని రాస్తే డాబా మీద ప్యానెల్ నిలబడదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం ఇంటి మీద సోలార్ పెట్టుకోవడం గురించి మీరు వేసిన పేజీ ఈ-పేపర్లో చదివాను. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 78 వేలు సబ్సిడీ అని ఎవరికైనా అర్థమయ్యేలా రాశారు, చాలా బాగుంది. కానీ చివర్లో ఒక మాట రాశారు, ప్యానెల్స్ బిగించే పని గురించి కంపెనీ వాళ్ళిచ్చే తెలుగు పుస్తకం ఒకసారి చూసుకుంటే చాలు అని. ఆ మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే ఆ పుస్తకాలు ఎట్లా తయారవుతాయో నాకు దగ్గరగా తెలుసు, నేను చేసే పని అదే.

మాది తెనాలి. తొమ్మిదేళ్ళుగా జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాను, జర్మన్ టెక్నికల్ పుస్తకాలు ఇంగ్లీషులోకి అనువాదం చేస్తాను, ఈ రెండేళ్ళ నుంచి తెలుగు పని కూడా వస్తోంది. డాబాల మీద సోలార్ బిగించే సామానులో కొంత జర్మన్ డిజైన్లో ఉంటుంది, దాని పుస్తకం మొదట జర్మన్‌లో రాస్తారు, దాన్ని ఇంగ్లీషు చేస్తారు, ఆ ఇంగ్లీషుని ఇంకెవరో తెలుగు చేస్తారు, ఆ తెలుగు చేసినాయన జర్మన్ చూసి ఉండడు, డాబా ఎక్కి కూడా చూసి ఉండడు. ఇలా రెండు చేతులు మారేసరికి మాట ఎక్కడికి పోతుందో మా బాబాయి ఇంట్లోనే చూశాను, అది చెప్తాను.

బాబాయి రెండేళ్ళ కింద స్లాబ్ మీద కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయించాడు, మళ్ళీ దానికి డ్రిల్లింగ్ కొట్టనివ్వనన్నాడు. అందుకని హోలు కొట్టే పని లేకుండా బరువులు పెట్టి నిలబెట్టే జర్మన్ రకం స్ట్రక్చర్, అంటే ప్యానెల్స్‌ని మోసే ఫ్రేము, తెప్పించుకున్నాడు. బిగించడానికి వచ్చిన కుర్రాడు తెలివైనవాడే, పుస్తకం ముందేసుకుని లైను లైను చదువుతున్నాడు. ఎక్కడో అనుమానం వచ్చి బాబాయి చేత నాకు ఫోన్ చేయించాడు. "మేడమ్, ఇందులో అటక ఎత్తు కొలిచి రాయమన్నారండీ, సార్ వాళ్ళ అటక వంటింట్లో ఉంది, కొలిచాం, ఏడడుగులొచ్చింది, రాసేశాం, కానీ అటకకీ సోలార్‌కీ సంబంధం ఏంటో తెలీట్లేదు" అన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. జర్మన్‌లో ఆ మాట 'ఆటికా'. అంటే డాబా చుట్టూ కట్టే పిట్టగోడ. ఇంగ్లీషు చేసినాయన దాన్ని 'యాటిక్' అనుకున్నాడు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి. తెలుగు చేసినాయన యాటిక్ అంటే అటకే కదా అని అటక రాశాడు. ఎవరికి వాళ్ళు బాగానే చేశాననుకున్నారు, ఆఖరికి ఒక కుర్రాడు టేపు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి ఆవకాయ జాడీలు పెట్టుకునే అటక కొలిచాడు. బాబాయి పిట్టగోడ రెండున్నర అడుగులు. లెక్క కట్టే ప్రోగ్రాంలో ఏడడుగులు వేస్తే ఏమవుతుందంటే, పిట్టగోడ ఎత్తుగా ఉంటే డాబా అంచుల్లో గాలి లాగుడు, అంటే గాలి ప్యానెల్స్‌ని పైకి పీల్చడం, తగ్గుతుంది కాబట్టి పెట్టాల్సిన బరువు తక్కువ చూపిస్తుంది. అంటే రెండున్నర అడుగుల గోడ ఉన్న ఇంటి మీద ఏడడుగుల గోడ ఉన్నంత ధీమాగా తక్కువ దిమ్మెలు పెట్టి వెళ్ళిపోతారన్నమాట. ఆ కుర్రాడికి అనుమానం వచ్చి అడగబట్టి సరిపోయింది, అడగనివాడైతే?

సరే అది దొరికింది, ఇంకోటి దొరకలేదు. ఆ స్ట్రక్చర్‌తో పాటు నల్లటి రబ్బరు పట్టాలు ఒక చుట్ట వచ్చాయి. పాత టైర్ల రబ్బరు ముక్కలు అతికించి చేస్తారు, జర్మన్‌లో 'బౌటెన్‌షుట్స్‌మాట్టె' అంటారు. ప్యానెల్స్‌ని మోసే అల్యూమినియం కమ్మీని రైలు అంటారు, ఆ రైలు కాళ్ళ కింద వేయాలి, ఆ కాళ్ళు వాటర్‌ప్రూఫింగ్ పొరని కోయకుండా. పుస్తకంలో దాన్ని మాటకి మాట పెట్టి 'భవన రక్షణ చాప' అని రాశారు. భవనాన్ని రక్షించే చాప అంటే ఎవరికి ఏం తెలుస్తుంది చెప్పండి, పని అయ్యాక పరిచేదేమో అనుకుని మెట్లగది మూల నిలబెట్టేశారు. నేను సెలవుకి వెళ్ళినప్పుడు చూస్తే పిన్ని అందులోంచి ఒక ముక్క కోసి పెరటి గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకోవడానికి వేసింది. పైకెక్కి చూస్తే అల్యూమినియం కాళ్ళు నేరుగా పొర మీద కూర్చుని ఉన్నాయి, ఎండకి రైలు సాగి రాత్రి చల్లారి ముడుచుకుని, ఆ ఒరిపిడికి పొర మీద వేలెడు గీతలు పడ్డాయి. ఆ ఏడు వానాకాలం హాల్లో ఫ్యాన్ హుక్ దగ్గర నుంచి నీళ్ళు కారాయి. రెండేళ్ళు దాచిన డబ్బులు పెట్టి వేయించుకున్న పొర అది. అక్కడ 'కాళ్ళ కింద వేసే రబ్బరు పట్టా' అని రాసి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

అసలు 'ఫ్లాఖ్‌డాఖ్' అనే మొదటి మాట దగ్గరే తేడా మొదలవుతుంది. డిక్షనరీ చూసి 'సమతల పైకప్పు' అంటారు, ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఫ్లాట్ రూఫ్ అని తెలుగులో రాస్తే మన వాళ్ళకి ఫ్లాట్ అంటే అపార్ట్‌మెంట్. మన మాట డాబా, సీమలో మిద్దె. కానీ ఇక్కడ జర్మనీలో ఫ్యాక్టరీల మీద, షాపింగ్ సెంటర్ల మీద చూసే ఫ్లాఖ్‌డాఖ్ అచ్చంగా మన డాబా కాదు. అది చాలాచోట్ల వంకర్లు తిరిగిన స్టీలు రేకు, దాని మీద చలి ఆగడానికి ఒక మందపాటి పొర, ఆ పైన తారు షీటో ప్లాస్టిక్ షీటో, అంతే. దాని మీద ఎవరూ వడియాలు పెట్టుకోరు, ఎండాకాలం రాత్రి పక్కలేసుకోరు, బట్టలారేయరు. చిల్లు పెడితే నీళ్ళు లోపలికి దిగుతాయి, ఎక్కువ బరువు పెడితే రేకు ఓర్చుకోదు. ఈ రెండు భయాల మధ్య నుంచి పుట్టిన మాటలే ఈ జర్మన్ మాటలన్నీ, 10 డిగ్రీల వాలుతో స్లాబ్‌కి అంటుకుపోయినట్టు కూర్చునే స్ట్రక్చర్ కూడా అట్లా పుట్టిందే. మన కాంక్రీట్ స్లాబ్ కథ వేరు, మన దేశపు బిల్డింగ్ కోడ్ ప్రకారం మనుషులు ఎక్కి తిరిగే డాబాకి చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కేజీలు వేసుకుని డిజైన్ చేస్తారు. అనంతపురం కర్నూలు వైపు పాత మట్టి మిద్దెల కథ మళ్ళీ వేరు, వాటి మీద సిమెంటు దిమ్మెలు పెట్టమని ఏ పుస్తకమూ చెప్పకూడదు. కాబట్టి ఫ్లాఖ్‌డాఖ్‌ని డాబా అని రాసేవాళ్ళు ఆ పక్కనే 'కాంక్రీట్ స్లాబ్ అయితే ఇలా, రేకు కప్పు అయితే ఇలా' అని విడగొట్టి రాయాలి, నేనైతే అలాగే రాస్తున్నాను, పేజీలు పెరిగినా సరే.

బ్యాలస్ట్ అనే మాట చూడండి. జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఒకటే కదా అని అలాగే వదిలేస్తారు. మన దగ్గర సోలార్ బిగించేవాళ్ళు చాలామంది ఎలక్ట్రిషియన్లు, వాళ్ళకి బ్యాలస్ట్ అంటే ట్యూబ్‌లైట్ చోకు. రైల్వేలో చేసినవాళ్ళకి బ్యాలస్ట్ అంటే పట్టాల కింద కంకర. డాబా మీద పెట్టేది సిమెంటు దిమ్మె, 'బరువు దిమ్మె' అని రాస్తే చదవడం వచ్చిన ఏ మనిషైనా దాన్ని ఎక్కడ పెట్టాలో ఊహించుకోగలడు. అట్లాగే 'డాఖ్‌హౌట్', మాటకి మాట అయితే కప్పు చర్మం, నేను ఒక పుస్తకంలో 'పైకప్పు చర్మానికి గాయం కాకుండా చూడవలెను' అని కళ్ళారా చదివాను. అది వాటర్‌ప్రూఫింగ్ పొర. 'శ్టాటిక్' అంటే ఇక్కడ బిల్డింగు ఎంత బరువు మోస్తుందో కట్టే లెక్క, దాన్ని 'స్థిర విద్యుత్ తనిఖీ చేయించండి' అని రాశారు ఒకాయన, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవాల్సిన చోట జనం టెస్టర్ పట్టుకుని నిలబడతారు. ఇది చాలా ప్రమాదం, మిగతావన్నీ ఒక ఎత్తు ఇది ఒక ఎత్తు.

పెంకుటిళ్ళ పుస్తకంలో అయితే 'ఫిర్స్ట్' అని వస్తుంది, కప్పు పైన రెండు వాలులు కలిసే చోటు, మన కొప్పు పెంకులు వేసే చోటు. ఇంగ్లీషు అక్షరాలు చూసి దాన్ని 'మొదటి' అని రాసినవాళ్ళున్నారు. కొప్పు, చూరు ఇంత చక్కటి మాటలు మన దగ్గర ఉన్నాయి.

అన్నిటికీ అచ్చ తెలుగు కావాలని నేను అనట్లేదు, అది అపార్థం చేసుకోవద్దు. మిడ్ క్లాంపు, ఎండ్ క్లాంపు, రైలు, బోల్టు, వాషరు, స్పానరు, ఇవి పనివాళ్ళ నోట్లో నలిగిన మాటలు, వీటిని 'మధ్య బిగింపు సాధనం' అని మార్చేవాళ్ళు ఒక్కరోజు గోడౌన్‌కి వెళ్ళి ఆ సామాను అడిగి చూడాలి. ఉన్న మాట ఏ భాష నుంచి వచ్చినా తెలుగే. నా గొడవంతా ఎవరూ అనని మాటలు పుట్టించి పనివాడి చేతిలో పెట్టడం గురించే.

మళ్ళీ తెలుగు మాట దొరికింది కదా అని తొందరపడకూడదు కూడా. నేనే ఒక తప్పు చేయబోయాను. వరుసకీ వరుసకీ మధ్య వదిలే ఖాళీకి 'ఎడం' అని రాశాను, ఎంతో బాగుంది అనుకున్నాను. మా ఊరి మేస్త్రీకి చదివి వినిపిస్తే "ఎడం 300 అంటే ఎడం చేతి వైపా అమ్మా" అన్నాడు. డ్రాయింగ్ మీద బాణం గుర్తు పక్కన ఎడం అని కనిపిస్తే ఎవరైనా అదే అనుకుంటారు, కొట్టేసి గ్యాప్ అని రాశాను. ఇంకోసారి 'స్లాబ్‌కి బొక్క పెట్టకుండా' అని రాస్తే నిజామాబాద్ అమ్మాయి ఒకామె మా వైపు బొక్క అంటే ఎముక అని చెప్పింది, 'హోలు కొట్టకుండా' అని మార్చాను, అది రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. 'రాయ్‌బ్‌బైవెర్ట్' అని ఒకటుంటుంది, స్లాబ్ మీద స్ట్రక్చర్ ఎంత జారకుండా ఉంటుందో చెప్పే సంఖ్య, స్కూలు పుస్తకాల్లో ఘర్షణ గుణకం. దానికి మేస్త్రీ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 'పట్టు' అన్నాడు. దుమ్ము పేరుకున్న స్లాబ్‌కి పట్టు తక్కువ, తడి స్లాబ్‌కి ఇంకా తక్కువ, ముందు ఊడ్చి కడగండి అని రాస్తే అయిపోయింది. ఇంజనీరు చదివే పేజీలో ఘర్షణ గుణకం ఉంచాను, బిగించేవాడు చదివే పేజీలో పట్టు పెట్టాను.

ఇంక అంకెల సంగతి, ఇది ఎవరూ పట్టించుకోరు, నాకు నిద్ర పట్టనిచ్చేది కాదు. జర్మన్ వాళ్ళకి కామా అంటే మనకి పాయింటు, వాళ్ళ పాయింటు మన కామా. వాళ్ళు 12,5 కేజీలు అని రాస్తే పన్నెండున్నర. 1.080 కేజీలు అని రాస్తే వెయ్యీ ఎనభై. ఒక బరువుల టేబులు నా దగ్గరికి సరిచూడటానికి వచ్చింది, మాటలన్నీ తెలుగు చేశారు, అంకెలు ముట్టుకోలేదు, మొత్తం దిమ్మెల బరువు 1.080 అని అట్లాగే ఉంది. మన వాళ్ళు దాన్ని ఒక కేజీ చిల్లర అని చదువుతారు, ఒక కేజీ ఏంటి ఏదో అచ్చు తప్పులే అని తోచినన్ని పెట్టేస్తారు. అది అచ్చుకి పోకముందే పట్టుకున్నాను. అంకె కూడా అనువాదం చేయాల్సిన మాటే, ఆ రోజు నుంచి కొత్తగా వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది అదే.

గాలి లెక్క ఇంకా మెలికగా ఉంటుంది. జర్మనీలో గాలికి 4 జోన్లు, మా స్టుట్‌గార్ట్ ఉండే 1వ జోన్‌కి సెకనుకి 22.5 మీటర్లు అని పుస్తకంలో ఉంటుంది. మన బిల్డింగ్ కోడ్ ఐఎస్ 875లో గాలి గురించిన మూడో భాగంలో హైదరాబాద్‌కి 44, విశాఖకి 50. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడటమే తప్పు, ఎందుకంటే వాళ్ళది 10 నిమిషాల సగటు గాలి, మనది 3 సెకన్ల విసురు. కొలిచే పద్ధతే వేరు. కాబట్టి 'జోన్ 1' అని తెలుగులో రాసిపెడితే దానికి ఇక్కడ అర్థం లేదు, ఆ పేజీ తీసేసి మన కోడ్ ప్రకారం మళ్ళీ లెక్క కట్టించి వేయాలి. మంచు బరువు కాలమ్ మనకి అక్కర్లేదు, అది కొట్టేస్తే సరిపోతుంది.

ఎండ గురించి కూడా అంతే. 10 మీటర్ల అల్యూమినియం రైలు 40 డిగ్రీల వేడి తేడాకి దాదాపు 1 సెంటీమీటరు సాగుతుంది, అందుకే మధ్యలో తెంపి గ్యాప్ వదలమంటారు. జర్మన్‌లో దీనికి 'టెర్మిషె ట్రెన్నుంగ్' అని పేరు, తెలుగులో 'ఉష్ణ విభజన' అని వేశారు. రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదులుతారో మన ఊళ్ళో పిల్లల్ని అడిగినా చెప్తారు, 'ఎండకి సాగడానికి గ్యాప్' అని రాస్తే ఎవరూ దాన్ని మూసేయరు. బెజవాడ మే నెల ఎండలో ఉండే స్లాబ్‌కి ఈ ఒక్క లైను స్టుట్‌గార్ట్‌లో కంటే ఎక్కువ అవసరం.

స్ట్రక్చర్ మాట కాదు గానీ ఇన్వర్టర్ గురించి కూడా ఒక్క ముక్క వేయండి. మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిప్పే బ్యాటరీ పెట్టె. సోలార్ వాళ్ళు పెట్టే మామూలు గ్రిడ్ ఇన్వర్టర్, అంటే బయటి కరెంటు లైనుకి కలిపేది, కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, లైనులో పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా. ఈ తేడా తెలీక చాలామంది మోసపోయామనుకుని బాధపడుతున్నారు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. ఇంకోసారి సోలార్ పేజీ వేసినప్పుడు ఒక మూలన చిన్న డబ్బా కట్టి ఓ పది మాటలు వేయండి, పిట్టగోడ, బరువు దిమ్మె, రబ్బరు పట్టా, వాటర్‌ప్రూఫింగ్ పొర, లోడు లెక్క, ఇట్లా. బిగించడానికి వచ్చినవాళ్ళని ఇంటివాళ్ళు "మా పిట్టగోడ ఎంత ఎత్తని రాశారు, కాళ్ళ కింద రబ్బరు వేశారా, దిమ్మెలు ఎన్ని కేజీలు" అని మూడు ప్రశ్నలు అడగగలిగితే చాలు. సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం వాళ్ళు కూడా తెలుగు పుస్తకం లేని స్ట్రక్చర్‌ని ఎట్లా ఆపాలా అని ఆలోచిస్తే బాగుంటుంది, ఆ తెలుగు పుస్తకాన్ని అచ్చుకి ముందు ఒక మేస్త్రీకీ ఒక ఎలక్ట్రిషియన్‌కీ చదివి వినిపించాలి అని రూలు పెడితే ఇంకా బాగుంటుంది. మేస్త్రీ ఒక పూట కూలి అంతే ఖర్చు.

నేను తెనాలి, నిజామాబాద్, హిందూపురం వాళ్ళని అడిగి 60కి పైగా మాటలు పోగేసుకున్నాను, కావాలంటే మీకు పంపిస్తాను, నా పేరు వేయక్కర్లేదు. అందులో ఒక్క గడి మాత్రం నింపలేకపోతున్నాను, మీ పాఠకుల సాయం కావాలి. జర్మన్‌లో 'విండ్‌జోగ్' అని ఉంటుంది. గాలి ఎదురుగా వచ్చి తోయడం కాదు, పైనుంచి దాటుకుంటూ పోతూ కప్పుని మీదికి పీల్చడం. డాబా మధ్యలో తక్కువ, అంచుల్లో ఎక్కువ, మూలల్లో అన్నిటికంటే ఎక్కువ, తుఫానుకి రేకుల షెడ్డు మూల దగ్గర మొదలుపెట్టి లేచిపోయేది దీనివల్లే. పుస్తకాల్లో 'పవన చూషణ' అని రాస్తున్నారు, అది నేను వాడను. పైన 'గాలి లాగుడు' అని రాశాను గానీ నాకు తృప్తిగా లేదు, లాగుడు అంటే పక్కకి లాగడం అనుకుంటారు. మా మేస్త్రీ 'గాలి ఎత్తుడు' అన్నాడు, కొంచెం దగ్గరగా ఉంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ చూసిన విశాఖ వాళ్ళు, 2018లో తిత్లీ చూసిన పలాస, సోంపేట వాళ్ళు, ఏటా కప్పుకి తాళ్ళేసి బిగించుకునే మత్స్యకారుల ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దీన్ని ఏదో ఒక మాటతో పిలుస్తూనే ఉంటారు. ఆ మాట తెలిసినవాళ్ళు దయచేసి మీ పేపర్‌కి రాయండి, వచ్చే నెల అచ్చుకి వెళ్ళే పుస్తకంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
తెనాలి ఆడపడుచు, ప్రస్తుతం స్టుట్‌గార్ట్ నుంచి